అక్క ఇంటి కుళాయి

వీధిలో ఆమెను అందరూ కత్తెరక్క అనేవారు. బట్టలు కుడుతుంది కనుక ఆ పేరు వచ్చిందని ఆమె అనుకునేది. ఆమె నాలుక చూసి పెట్టామని వీధి అనుకునేది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, దాని కింద పేలికల బుట్ట, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల. ఆ బల్ల మీద కూర్చుంటే కొలతలతో పాటు నాలుగు చీవాట్లు కూడా ఉచితం.

తల్లి పోయేనాటికి తమ్ముడు పలక కూడా పట్టలేదు. చంకనేసుకుని పెంచింది. పెళ్ళయ్యాక అత్తారింటికి కూడా వెంట తెచ్చుకుంది. ఆ తమ్ముడే ఇప్పుడు వీధి మొదట్లో పెట్రోల్ బంకు యజమాని. "మావాడు" అనేటప్పుడు మాత్రం కత్తెరకి పదును తగ్గేది.

ఆ వీధికి ఊరి కుళాయి రాలేదు. ఇంటింటికీ పెరట్లో బావి. తాగడానికైనా వండడానికైనా అవే నీళ్ళు. అలాంటిది, ఒక ఎండాకాలం తమ్ముడు మనుషుల్ని పంపి, గుట్ట మీదున్న తన తోట బోరు నుంచి అక్క వంటింట్లోకి గొట్టం వేయించాడు.

"ఇక బావి జోలికి పోకక్కా. ఈ నీళ్ళు తియ్యగా ఉంటాయి" అన్నాడు.

ఆమె పొంగిపోయింది. "చూశావా, పెంచిన చేతిని మరిచిపోలేదు" అని మొగుడితో పదిసార్లు అంది. స్కూలు వ్యాను నడిపే ఆ నెమ్మదస్తుడు ఓ గ్లాసు తాగి, "బాగున్నాయి" అని ఊరుకున్నాడు.

వానలు వెళ్ళాక ఒకరోజు పక్కింటి కోడలు గౌను వదులు చేయించుకోవడానికి వచ్చింది. నెలలు నిండుతున్నాయి.

"అక్కా, మా బావి నీళ్ళు కిరసనాయిలు కంపు కొడుతున్నాయి. మా అత్తయ్యేమో అదంతా కడుపుతో ఉన్నదాని చాదస్తం అంటోంది. ఆవిడకి ఏడాది పొడుగునా జలుబు. ఎవరి ముక్కుని నమ్మమంటారు?"

"నా ముక్కుని నమ్ము" అని కత్తెరక్క నవ్వుతూ పెరట్లోకి తీసుకెళ్ళింది. మూలపడ్డ బొక్కెన తీసి తన బావిలోనే వేసింది. పైకి వచ్చిన నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు తేలుతోంది. ముక్కు దగ్గరికి తీసుకోనక్కర్లేకపోయింది. ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. బావి జోలికి పోవద్దన్నాడు కదూ!

"ఆ నీళ్ళు ముట్టుకోకమ్మాయ్" అని ఆ పిల్లకి తన కుళాయి నీళ్ళు బిందెడు పట్టిచ్చి, టేపు మెళ్ళో వేలాడుతుండగానే బంకుకి నడిచింది.

"నీ ట్యాంకు కారుతోందా?"

తమ్ముడు తేలు కుట్టిన దొంగలా చూశాడు. "మెల్లగా అనక్కా. భూమిలో పాతింది, పాతబడింది. ఎక్కడో చెమ్మగిల్లుతోంది."

"ఎప్పట్నుంచి?"

వాడు ఆ మాట దాటేశాడు. "ఇప్పుడు బయటపెడితే బంకు మూయిస్తారు. మెల్లగా మార్పిస్తాను. అయినా నిన్ను చూసుకున్నానుగా!"

"నన్ను చూసుకున్నావా! గోడ అవతల కడుపుతో ఉన్న పిల్ల ఆ విషమే తాగుతోందిరా. నాకు గొట్టం వేయించినప్పుడు ఆ గోడ కనబడలేదా? మంచినీళ్ళు పోసి, నాకు తెలియకుండానే నన్ను నీ దొంగతనంలో కలిపావు కదరా!"

ఆ సాయంత్రమే ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. తమ్ముడి మీద మండిపడతారనుకుంది. ముందు ఆమె మీదే పడ్డారు. "ఇన్నాళ్ళూ నువ్వు మాత్రం తియ్యటి నీళ్ళు తాగావన్నమాట" అంది పక్కింటి అత్త. కత్తెరక్క ఆ రాత్రే కుళాయి బయటికి తిప్పమని మొగుడితో అంది. మర్నాడు మొగుడు గొట్టం కోసి, కుళాయిని గేటు బయటికి తిప్పాడు. వీధంతా అక్కడే పట్టుకుంది. పక్కింటి అత్త మాత్రం కోడల్నే పంపేది.

అందరూ కలిసి ఫిర్యాదు చేస్తే నీళ్ళ శాఖ నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆ పూట కత్తెరక్క దారాలు కొనడానికి బజారుకెళ్ళింది. తమ్ముడే ఎదురెళ్ళి, మర్యాద చేసి, తిన్నగా అక్క గేటు దగ్గరికి తీసుకొచ్చాడు. "వీధి వీధంతా తాగే నీళ్ళు ఇవేనండీ" అన్నాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు! ఆఫీసరు సీసా నింపుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళకి బంకు గోడ మీద కాగితం అంటించారు: ఈ వీధి నీరు తాగడానికి యోగ్యమైనది.

అది చదివి ఆమె ఒళ్ళు భగ్గుమంది. వీధి కోసం తను తిప్పించిన కుళాయినే చూపించి వీధి నోరు మూశాడు. కాగితం చింపి చేత్తో పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది.

"మీరు పట్టుకెళ్ళింది గుట్ట మీది నీళ్ళు బాబూ. ఆ గొట్టం నా ఇంటికి ఎందుకొచ్చిందో, వాడికి ఎప్పుడు తెలుసో నేను చెబుతాను. రాసుకోండి."

ఆఫీసరు కలానికి మూతపెట్టాడు. "సొంత తమ్ముడంటున్నారు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండమ్మా."

"బావుల్లో చూడకుండా గేటు దగ్గర సీసా నింపారే, అప్పుడు మీరు ఆలోచించారా? రాసుకునేదాకా కదలను."

ఆయన మూత తీశాడు. ఆమె చెప్పింది. సంతకం పెట్టేటప్పుడు మాత్రం, చంకలో నిద్రపోయిన ఆ పసివాడి బరువు గుర్తొచ్చి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పెట్టింది.

ఆ సాయంత్రమే గేటు దగ్గర కుళాయి ఎండిపోయింది. తమ్ముడు పైన గొట్టం కట్టేయించాడు. కానీ ఈసారి ప్రతి బావిలోనూ సీసాలు ముంచారు. ఒక్క బావి కూడా పనికిరాదని తేలింది. బంకు మూయించి తవ్వితే, ట్యాంకు అడుగు తుప్పుతో జల్లెడైపోయి ఉంది. వీధివాళ్ళు ట్యాంకర్ల వెంట పడి పడి, చివరికి ఊరి కుళాయి తెచ్చుకున్నారు. బావులకి మూతలు బిగించారు. ఆ నేల బాగుపడడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. పక్కింటి కోడలికి ఆడపిల్ల పుట్టింది. బాగానే ఉంది. అయినా పిల్ల తుమ్మినప్పుడల్లా అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

తమ్ముడు జరిమానా కట్టి, కొత్త ట్యాంకు వేయించి, బంకు మళ్ళీ తెరిచాడు. "తోడబుట్టినది కాదు, తోడేలు" అని నలుగురిలో అన్నాడట. వాడి భార్య మాత్రం ఒకరోజు వచ్చి బల్ల మీద కూర్చుంది.

"రక్తసంబంధం వదినా. మీరే ఒక మెట్టు దిగండి."

కత్తెరక్క మిషను ఆపలేదు. "నేను దిగడం కాదమ్మా. వాణ్ణి ముందు పక్కింటి మెట్లెక్కి, తెలిసీ చెప్పలేదని ఆ కోడలితో ఒప్పుకోమను. తర్వాత నా గుమ్మంలోకి రమ్మను."

వాడు ఇంకా ఎక్కలేదు. ఆ మాట ఎవరెత్తినా ఆమెకి ఇప్పటికీ దారం తెగిపోతుంది.