విమానానికి పెట్టిన బొట్టు

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఎన్నో ఏళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

తొంభైల్లో నేను కొత్త కోడలిగా విజయవాడ వన్ టౌన్‌లోని ఆ ఇంటికి వచ్చేసరికే మామగారు లేరు. ఉన్నది అత్తగారు, మా ఆయన, కాలేజీ చదువుతున్న మరిది. మరిదికి ఒకటే పిచ్చి. మద్రాసు నుంచి తెప్పించుకున్న ప్లాస్టిక్ ముక్కల్ని జిగురుతో అతికించి యుద్ధవిమానం చేస్తున్నాడు. గాలికి రంగు బ్రష్ మీదే ఆరిపోతోందని ఆ ఎండల్లో ఫ్యాన్ కట్టేసుకుని, చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. లోపలి పైలట్ వేలిగోరంత ఉంటాడు. వాడికి మామగారి మీసం దిద్దాడు. "అచ్చం మీ నాన్నేరా!" అంటూ అత్తగారు పొంగిపోయారు. ఆ తర్వాత పైన అద్దంలాంటి మూత అతికించాడు.

దసరాకి ఆయుధపూజలో కత్తిపీట, కుట్టుమిషను పక్కన విమానాన్నీ పెట్టాడు.

"అమ్మా, దీనికి నువ్వే బొట్టు పెట్టు."

"నేనేంట్రా! మీ వదిన ఉందిగా, తను పెడుతుందిలే."

"అందులో ఉన్నది నాన్న. నువ్వే పెట్టాలి."

భర్త పోయాక ఆవిడ ఏ శుభకార్యంలోనూ ముందుకు రాలేదు. వేలితో తడి కుంకుమ తీసి, సరిగ్గా పైలట్ తల పైన, ఆ మూత మీద పెట్టారు. ఆ పూట ఆవిడ ముఖం చూడాలి మీరు.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు దుమ్ము దులుపుతూ చూశాను. బొట్టు వెనక పైలట్ కనబడటం లేదు. తడిగుడ్డతో తుడిస్తే ఎర్రగా పాకింది. గోళ్లరంగు తుడిచే మందు దూదికి అద్ది రుద్దాను. అంతే. మూత గరుకెక్కి, మజ్జిగ పోసినట్టు తెల్లబడిపోయింది. ఎరుపు అందులోనే ఉండిపోయింది. మీసం లేదు, మనిషీ లేడు. ఎక్కడిది అక్కడ పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయాను.

సాయంత్రం మరిది చూశాడు. "కుంకుమలో ఏదో కెమికల్ ఉన్నట్టుందమ్మా, పోనీలే" అన్నాడు. అత్తగారు మాత్రం విమానం కేసి చూస్తూ, "నేను చెప్పాను కదరా. నా చెయ్యి మంచిది కాదు" అన్నారు.

నేను గుమ్మంలోనే ఉన్నాను. వేళ్లకి ఇంకా ఆ మందు వాసన. చెయ్యి కొంగులో దాచుకున్నాను. ఒక్క మాట చాలు. ఎందుకు నోరు పెగల్లేదు? కొత్త కోడల్ని, భయపడ్డాను అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ పూర్తి నిజం కాదు. అసలా బొట్టు తుడవాలని ఎందుకనిపించింది నాకు? పైలట్ కనబడటం లేదనా, లేక ఇంట్లో పుణ్యస్త్రీని నేనుండగా ఆవిడ చేత పెట్టించారనా?

ఆ తర్వాత అత్తగారు దేనికీ బొట్టు పెట్టలేదు. మరిది బెంజ్ సర్కిల్ దగ్గర స్కూటర్ కొని ఇంటికి తెస్తే మెట్ల మీదే నిలబడిపోయారు. వాణ్ణి పెళ్లికొడుకుని చేస్తున్నప్పుడు వంటింటి గుమ్మం దాటలేదు. "అమ్మా, రావే" అని వాడు పీట మీంచి పిలిచాడు. రాలేదు. ప్రతిసారీ కుంకుమభరిణ నా చేతికే వచ్చింది. సిగ్గు లేకుండా పెట్టాను. "నీది చల్లని చెయ్యమ్మా" అనేవారు ఆవిడ, మనస్ఫూర్తిగా. ఆ మాట కన్నా చెంపదెబ్బ నయం.

ఆవిడ పోయారు. విమానం ఇప్పుడు కంకిపాడులో మరిది ఇంట్లో ఉంది. దసరాకి దాన్ని తుడిచి పీట మీద పెట్టి, "వదినా, మీరే పెట్టాలి" అంటాడు. మొన్న కూడా పెట్టాను. మొన్న కూడా చెప్పలేదు.

క్షమించమని ఎవరిని అడగను? అడగాల్సిన మనిషి లేరు. అయినా ఈ మాట ఒక్కసారైనా పైకి అనాలి, మీరు వినాలి.

అత్తయ్యా, మీ చెయ్యి మంచిదే.