మెట్ల మీద సీసాలు

హైదరాబాద్ కార్వాన్‌లో నేను అద్దెకున్న ఇంటావిడంటే నాకు మొదటి రోజు నుంచే పడేది కాదు. ఆవిడకూ నేనంటే ఒళ్లుమంట. కింది వాటాలో ఆవిడ, బండి మీద అమ్ముకునే జామపండ్ల గంపలు. పై గదిలో నేను, నా సీసాలు.

వానాకాలంలో ధూల్‌పేట్‌ వెళ్లి, విగ్రహాలు చేసే షెడ్ల వెనక కుళ్లిన గడ్డి మీద మొలిచిన పుట్టగొడుగులు కోసుకొచ్చేదాన్ని. సీసాలో తడి ఇసుక మీద వాటిని పెట్టి గుడ్డ కడితే, లోపలి పురుగులు పది పదిహేను రోజులకు ఈగలై పైకొస్తాయి. ఏ పుట్టగొడుగులో ఏ ఈగ పెరుగుతుందో తేల్చడం నా పరిశోధన. మా కాలేజీలోనే దానికి విలువ లేదు, ఇక ఆ ఇంట్లో ఎక్కడిది?

"ఓ మేడం, నీ ఈగలతోని నా పండ్లన్నీ ఖరాబైతున్నయ్. గిరాకీ వస్తలేదు," అని ఆవిడ పొద్దున్నే లొల్లి మొదలుపెట్టేది.

"నావి పుట్టగొడుగుల ఈగలమ్మా. మీ పండ్ల వంక కూడా చూడవు," అనేదాన్ని. చదువుకున్నదాన్నన్న పొగరు నాకు బాగానే ఉండేది.

ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పన్నెండు సీసాల్లో ఒకటి వీధి మురుక్కాలవ మోరీలో పడి ఉంది. ఆవిడే పారేసింది. అడిగితే దాచను కూడా లేదు. నాకు తిక్కరేగింది.

"మైక్రోస్కోపులో చూపిస్తాను, రండి. మీ పండ్ల ఈగా నా ఈగా ఒకటే అయితే ఇవాళే గది ఖాళీ చేస్తాను."

ఆవిడ జామపండు మీద పట్టిన ఈగను డబ్బాలో వేసుకుని వచ్చింది. దాన్ని ముందు చూశాను. ఎర్రటి కళ్లు, నల్లటి పొట్ట చివర, ముందు కాలి మీద చిన్న దువ్వెనలా నల్లటి వెంట్రుకల వరస. పండ్ల దగ్గర ముసిరే మామూలు మగ ఈగ. తర్వాత నా సీసాలోంచి ఒక ఈగను తీసి కింద పెట్టి చూశాను. ఎర్రటి కళ్లు. అదే దువ్వెన. ఇంకో సీసా తీశాను. పదకొండూ తీశాను. అన్నీ అవే.

నా తెలివే కొంప ముంచింది. సీసాల్లో చెమ్మ పట్టి పురుగులు చస్తాయని రోజూ మధ్యాహ్నం గుడ్డలు తీసి, సీసాలను గంటసేపు మెట్ల మీద ఆరబెట్టేదాన్ని. మెట్ల కిందే జామ గంపలు.

ఆవిడ అప్పటికే వంగి చూసింది. "రెండూ ఒక్కటే గదా."

"ఒకటే. కానీ మీవే పైకొచ్చి నా సీసాల్లో గుడ్లు పెట్టాయి. నావి కిందికి రాలేదు."

"గట్లనా. అంటే ఇన్ని దినాలు నా ఈగలనే సాకినవన్నట్టు."

నవ్వి ఉంటే తిట్టేదాన్ని. నవ్వలేదు. రెండు నెలల నా పనికి అంతకంటే సరైన మాట లేదని తెలిసి ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ కోపమొచ్చింది.

సాయంత్రానికి సామాను సర్దేశాను. పదకొండు చీటీల మీదా పుట్టగొడుగు పేరు కొట్టేసి 'జామ' అని రాశాను. సీసాలన్నీ ఆవిడ గంపల పక్కన వరసగా పెట్టి, మూతగుడ్డలు ఒక్కొక్కటీ ఊడదీసి వచ్చేశాను.