అప్ప అంటే నొప్పి కాదు

2023 చలికాలం. దక్షిణ కొరియాలో సముద్రం ఒడ్డున ఓడలు కట్టే యార్డు. అందులో నేను వెల్డర్‌ని. ఓడను ఒకేసారి కట్టరు. బ్లాకులు అనే ఇనుప గదుల్లాంటివి విడివిడిగా కట్టి, తర్వాత అతుకుతారు. ఆ గదిలోకి దూరి, తలపైనున్న ప్లేటును అతికే పని నాది. దాన్ని ఓవర్‌హెడ్ వెల్డింగ్ అంటారు. మా ఊరు భావనపాడులో చేపల వేటకెళ్లే మా నాన్నకు ఇదంతా ఫోన్లో వివరిస్తే, "అంటే, తెప్ప కిందకి దూరి తారు పూస్తన్నావన్నమాట" అన్నాడు. నా శిక్షణంతా ఒక్క ముక్కలో తేలిపోయింది.

హెల్మెట్ దించితే చీకటి, ఎత్తితే కొరియా. రోజంతా నాతో మాట్లాడేది ఫోర్‌మన్ ఒక్కడే. అదీ ఒకటే మాట, "పల్లీ పల్లీ". త్వరగా కానివ్వమని. నేను మొదటి వారమంతా వేరుశెనగ పప్పులు పంచుతారేమోనని చూశాను.

ఆదివారాలు పలకరించే దిక్కు లేక, గదిలో కొరియన్ సీరియళ్లు చూస్తూ ఆ భాష కొంత నేర్చుకున్నాను. అందుకే గ్యాస్ సిలిండర్ అడగడం రాదు కానీ, "నన్ను వదిలి వెళ్లకు" అనడం స్పష్టంగా వచ్చు. ఆ మాత్రానికే ఫోర్‌మన్ నన్ను వేరే షిఫ్టుల్లోని మన దేశం వాళ్లందరికీ తర్జుమా మనిషిని చేశాడు.

ఆ రోజుల్లో యార్డులో కొత్తగా చేరిన సింహాచలం నా గదికి వచ్చాడు. పాతపట్నం వాడు. తల్లి చిన్నప్పుడే పోతే అప్ప పెంచింది. మా వైపు అక్కను అప్ప అంటాం. వాడు రోజూ సాయంత్రం అప్పకు వీడియో కాల్ చేసి, కంచం చూపించి మరీ తినేవాడు. ఆవిడ నా కంచం కూడా చూపించమనేది. ఆ గది ఇల్లులా అనిపించే వేళ అదొక్కటే.

వచ్చి నెల తిరక్కుండానే వాడు కడుపు పట్టుకుని బ్లాకులోంచి బయటికి పాకాడు. అపెండిక్స్ అన్నారు. ఆపరేషన్‌కు తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, అప్పకి సెప్పకు. బెంగెట్టేసుకుంటాది."

"మరి ఫోన్ రాకపోతే అడగదేటి?"

"నెట్ నేదని సెప్పు."

"ఇది కొరియారా. ఇక్కడ సముద్రం అడుగున కూడా నెట్ ఉన్నాది. ఎవులు నమ్ముతారు?"

"నువ్వు సెప్తే నమ్ముతాది. నువ్వు బుద్ధిమంతుడివనుకుంటన్నాది."

మాటిచ్చాను. ఆ పొరపాటు అభిప్రాయాన్ని చెడగొట్టడం ఇష్టం లేక.

మర్నాడు డ్యూటీ దిగి ఆసుపత్రికి వెళ్లేసరికి నర్సు నా కోసమే చూస్తోంది. "మీవాడు పొద్దుటి నుంచీ నొప్పి, నొప్పి అంటున్నాడు. మందు పెంచినా అదే మాట." డాక్టరు కూడా వచ్చాడు. పైకి అంతా బాగానే ఉంది కానీ అంత నొప్పి ఉండకూడదట. ముందు స్కాన్ తీస్తారట, అవసరమైతే మళ్లీ తెరిచి చూస్తారట.

మా పనిలోనూ ఇంతే. పైన అతుకు ఎంత నున్నగా ఉన్నా, లోపల గాలిబుడగ ఉందని అనుమానం వస్తే కోసి మళ్లీ అతకమంటారు. దాన్ని రిపేర్ అంటారు. సింహాచలానికి రిపేర్ పడేలా ఉంది.

నర్సు నాకు చూపించడానికన్నట్టు మంచం మీదికి వంగి మెల్లగా అడిగింది. "ఆపాయో?"

మగతలో ఉన్న సింహాచలం కళ్లు తెరిచాడు. "అప్పా..." అన్నాడు. కళ్ల వెంట నీళ్లు. విన్నావా అన్నట్టు ఆమె నా వైపు చూసింది.

విన్నాను. కొరియన్‌లో ఆపా అంటే నొప్పి. చివరి 'యో' మర్యాదకు, మన 'అండీ' లాగ.

"ఒరే, ఏటంటన్నావు?"

"అప్పరా. ఈ పిల్లకి అప్ప సంగతి నువ్వే సెప్పినావా? పొద్దుట్నుంచీ అడుగుతన్నాది పాపం. అప్పని తెస్తారేమోనని సూస్తన్నాను."

"నొప్పుందా?"

"కుట్టు కాడ కొంచెం. మరి అప్పేది?"

ఆమె రోజంతా నొప్పి గురించి అడిగింది. వాడు రోజంతా అక్కను అడిగాడు. ఇద్దరూ ఎంతో ఓపికగా అడిగారు.

డాక్టరు వైపు తిరిగి, "ఆపా కాదు, నూనా" అన్నాను. నూనా అంటే వాళ్లకు అక్క. నవ్వుతారనుకున్నాను. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నర్సు సరిగ్గానే ఉన్న సెలైన్ గొట్టాన్ని సరిచేసింది. నా జోకు వృథా అయింది.

ఇచ్చిన మాట పక్కనపెట్టి పాతపట్నానికి వీడియో కాల్ చేసి, అప్పకు సంగతి చెప్పి, ఫోన్ వాడి ముందు పట్టుకున్నాను.

"ఒరే సింహాచలం! నాకు సెప్పకుండా కడుపు కోయించుకున్నావా? ఉత్తప్పుడు ముల్లు గుచ్చుకున్నా నాకే కదరా సూపిస్తావు! పక్కన ఆ తెల్లబట్టల పిల్ల ఎవులు?"

"నర్సప్పా."

"సంటోడికి పట్టినట్టు గంజి పట్టిందా నీకు?"

"నవ్వించకప్పా, కుట్లు లాగతన్నాయి."

డాక్టరు పొట్ట మళ్లీ నొక్కి చూశాడు. ఎక్కడెక్కడ ఎంత నొప్పో నా చేత అడిగించాడు. స్కాన్ వద్దన్నాడు. ఆ సాయంత్రం వాడు మందు పెంచకుండానే నిద్రపోయాడు.

ఎక్కడ నొప్పి అని అడిగినప్పుడు ఎవరు కావాలి అని కూడా అడగాలని ఈ కేసు నాకు నేర్పింది. మాట కాస్త పెద్దదైపోయింది. చెప్పింది వెల్డరు కాబట్టి సగం తగ్గించుకోండి.

ఏడాది తిరిగేసరికి సింహాచలం వేరే ఊరి యార్డుకు మారిపోయాడు. నా గదికి ఇంకెవరూ రాలేదు. సాయంత్రాలు నా కంచం చూపించమనేవాళ్లు లేరు. ఒకరోజు ఓవర్‌హెడ్ చేస్తుంటే నిప్పురవ్వ కాలర్‌లో దూరి మెడ కాలింది. ఆసుపత్రికి వెళితే అదే నర్సు. నన్ను గుర్తుపట్టి, నవ్వుతూ, "నూనా?" అంది.

మా నాన్నకు నేనొక్కణ్ణే. నాకు అప్ప లేదు.

"ఆపా" అన్నాను.

ఎక్కడ అని అడిగింది. మెడ చూపించాను. చూపించడానికి వీలైంది అదొక్కటే.