మలుపు దగ్గర దిగి నడిచినవాళ్లు

మా వీధి చివరింట్లో ఉండే కుర్రాడు బ్యాంకులో పనిచేస్తాడు. ఈ మధ్య పొద్దెక్కినా ఇంటిదగ్గరే ఉంటూ, లుంగీ కట్టుకుని మొక్కలకి నీళ్లు పోస్తూ కనిపిస్తున్నాడు. ఒంట్లో బాగోలేదేమోనని అడిగితే, ఒంటికేం లేదు బాబాయ్, పని ఒత్తిడికి తట్టుకోలేక సెలవు పెట్టాను, డాక్టరే పెట్టమన్నాడు అని, అందులో దాచుకోవాల్సిందేమీ లేనట్టు చెప్పాడు. మంచిపని చేశావని చెప్పి వచ్చేశాను గానీ, ఆ రోజంతా నా మనసు అరకు కొండల్లోనే తిరిగింది. నా ఈడువాళ్లకి చెబితే తెలుస్తుంది, మన రోజుల్లో సెలవంటే జ్వరానికో పెళ్లికో చావుకో గానీ, భయానికి సెలవు పెట్టడమన్నది ఎవరం వినలేదు.

తొంభైల చివర నేను కొండ కింద ఒక డిపోలో బస్సు డ్రైవర్ని. పొద్దున్నే ఘాటీ ఎక్కి, అరకు దాటి, అక్కడినించి లోపలికి చీలిన సన్న రోడ్డు మీద ఒక కొండ ఊరి దాకా వెళ్లి సాయంత్రానికి దిగి రావడం నా డ్యూటీ. ఆ రోడ్డు సగం తారు, సగం మట్టి. ఒక పక్క కొండ చరియ, ఇంకో పక్క లోయ. మిగతా డ్రైవర్లు ఆ రూటంటే ముఖం చిట్లించేవారు గానీ నాకు మాత్రం అదంటే ప్రాణం. వలిసె పూలు పూసే రోజుల్లో కొండవాలంతా పచ్చగా పసుపు ఆరబోసినట్టుండేది. సంత రోజున పసుపు కొమ్ముల బుట్టలూ, కొండచీపుర్ల మోపులూ, కాళ్లు కట్టిన కోళ్లూ ఎక్కాక బస్సులో మనిషి నిలబడటానికి చోటుండేది కాదు. ఆఖరి ఊరి ముసలమ్మ ఒకావిడ ఎప్పుడూ నా పక్కన ఇంజను మూత మీదే కూర్చునేది, అక్కడ వెచ్చగా ఉంటుందని. ఆమె తెలుగు సగం, వాళ్ల భాష సగం కలిపి మాట్లాడేది. నాకు సగమే అర్థమైనా దారి పొడవునా ఊ కొట్టేవాణ్ణి.

ఒక వానాకాలం మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో ఒక మలుపు తిరుగుతూండగా చరియ విరిగి నా కళ్ల ముందే పడింది. బ్రేకు తొక్కాను, బండి బురదలో జారి లోయ వైపు ఒరిగి ఆగింది. అందరూ వెనక గుమ్మంలోంచి ఒకరి తర్వాత ఒకరు దిగారు. ఎవరికీ గీరుకుపోయిన దెబ్బ కూడా తగల్లేదు. డిపోలో నా భుజం తట్టారు, ముసలమ్మ వాళ్ల కొండదేవతకి కోడిని కోసి నాకూ వాటా పంపింది. అంతా అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. మళ్లీ రోడ్డు బాగుచేసి బస్సు తిప్పిన నాటినించి, ఆ మలుపు ఇంకా చాలా దూరం ఉండగానే నా అరచేతులు తడిసిపోయేవి, ఇంజను చప్పుడులో నాకు రాళ్లు దొర్లుతున్నట్టు వినిపించేది. డ్యూటీకి ముందు అన్నం సహించేది కాదు. ఒకనాడు మలుపు ముందు బండి ఆపేశాను, మళ్లీ గేరు వేద్దామంటే చెయ్యి లేవలేదు. నా కండక్టరు ఆ కొండలవాడే, నాకంటే చిన్నవాడు. నా ముఖం చూసి ఏమీ అడక్కుండా, రేడియేటరు వేడెక్కింది, కాసేపు ఆగాలని అందరికీ వినిపించేలా చెప్పి, డబ్బాతో నీళ్లు పట్టుకొచ్చి పోశాడు. ఆ తర్వాత అదే అలవాటైంది. ఆ మలుపు దగ్గర మా రేడియేటరు రోజూ వేడెక్కేది.

బస్సులోవాళ్లని ఎన్నాళ్లు మభ్యపెట్టగలం. ఒక సంత రోజున నేను బండి ఆపగానే ముసలమ్మ బుట్ట నెత్తికెత్తుకుని దిగింది. ఆమె వెనకే బస్సంతా దిగింది, చంటిపిల్లల తల్లులతో సహా. నేను తెల్లబోయి చూస్తూంటే ఆమె కిటికీ దగ్గరకొచ్చింది.

"మేం నడిసొత్తాం బాబూ. నువ్వు ఒట్టి బండి తోలుకురా. మా బరువు నీకెందుకు."

అందరూ సన్నటి వానలో మలుపు చుట్టూ నడిచి వెళ్లారు. నేను ఖాళీ బస్సు తోలుకుంటూ వాళ్ల వెనకాల వెళ్లాను. అవతల మళ్లీ ఎక్కి ఏమీ జరగనట్టు కూర్చున్నారు. ఆ వేళ నాకు కలిగిన బాధ చరియ పడిన రోజున కూడా కలగలేదు.

పెద్దాసుపత్రి డాక్టరు గుండె చూసి, రక్తం చూసి, జబ్బేమీ లేదు, నరాల బలహీనత, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకొమ్మన్నాడు. డిపో మేనేజరు మంచివాడే, ఉన్నమాట చెప్పాడు. నువ్వు సెలవు పెడితే ఆ రూటుకి వెళ్లేవాడు లేడు, ఒకసారి ఆపితే మళ్లీ వేయిస్తానని మాటివ్వలేను అన్నాడు. పైగా భయమని రాస్తే మళ్లీ స్టీరింగు ఇవ్వరు, నడుం నొప్పని రాయమని సలహా చెప్పాడు. కండక్టరు నా కళ్లలోకి చూడకుండా, "నువ్వు దిగితే బస్సు దిగిపోద్దన్నా" అన్నాడు. మా ఆవిడ మాత్రం కంచం ముందు పెట్టి, నేను ముద్ద కలుపుకోకుండా కూర్చోవడం చూసి ఏడ్చేసింది. "ఏటి సేత్తన్నారు మీరు? బస్సు లేకపోతే ఆల్లు నడుత్తారు. మీరు లేకపోతే నేనేటైపోవాలి?"

వెళితే ఏదో ఒకనాడు అందరినీ లోయలో పడేస్తాను, మానితే వాళ్ల బస్సు పోతుంది. చాలా రోజులు ఆలోచించి సెలవు పెట్టాను.

సాలూరులో మా బావమరిది ఇంటికి వెళ్లాం. ఆ ఊరంతా లారీలే. తెల్లారితే హారన్లు, అరుగు మీద కూర్చుంటే ఏ ఘాటీలో ఏ బండి పడిందోనన్న కబుర్లు. ప్రేమగా చేపల పులుసు పెట్టి, నన్నూ ఆ కబుర్లలోకి లాగేవారు. విశ్రాంతి అన్నది నాకు ఎక్కడా దొరకలేదు. ఖాళీగా ఉన్నకొద్దీ భయం ఇంకా పెరిగింది.

తిరిగొచ్చేసరికి ఆ సర్వీసు ఎత్తేశారు. వానలకి మట్టి రోడ్డు కోసుకుపోయిందన్నారు, ఎక్కేవాళ్లూ తక్కువేనన్నారు. రెండూ నిజమే. నన్ను యార్డులో బళ్లు కడగడానికీ, అటూ ఇటూ తిప్పి పెట్టడానికీ వేశారు. రిటైరయ్యేదాకా డిపో గేటు దాటి బండి తోలలేదు. కండక్టరు వేరే డిపోకి పోయాడు. మరుసటేడు అరకు సంతలో ముసలమ్మ కనిపించింది. పాదాలు పగిలి ఉన్నాయి, బుట్ట సగమే నిండి ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం తింటన్నావా అని అడిగి, ఇంత అల్లం చేతిలో పెట్టింది. ఆ పై ఏడు వెతికితే కనిపించలేదు.

రెండువేల సంవత్సరం దాటిన చాన్నాళ్లకి, మా ఆవిడ అడగ్గా అడగ్గా కారు మాట్లాడుకుని ఆ ఊరు వెళ్లాం. రోడ్డు వెడల్పయింది, మలుపు దగ్గర రాతిగోడ కట్టారు. దారిలో జీపులు మనుషులు వేలాడుతూ పోతున్నాయి. ఊరి మొదట్లో కాఫీ పళ్లు ఆరబోస్తున్న గుంటని, ఇక్కడ బస్సు ఆగే చోటు ఏదమ్మా అని అడిగాను. ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసి, వాళ్లమ్మని కేకేసి వాళ్ల భాషలో ఏదో అడిగి, మళ్లీ నా వైపు తిరిగింది.

"మా ఊరికి బస్సెప్పుడూ రాలేదు తాతా" అంది.