నీళ్ళకు పోని బొమ్మ

పెళ్ళైన నాటి నుంచి నా భార్య వేసిన బొమ్మ ఒక్కటీ మా ఇంట్లో నిలవలేదు. పొద్దున్నే వాకిట్లో ముగ్గుపిండితో నెమళ్ళు, కొంగలు వేసేది. మరునాడు తనే నీళ్ళు చల్లి చెరిపేసేది. గోడల మీద ఎర్రమట్టి జాజుతో వేసినవి వానలకు కారిపోయేవి. వానకు తప్పినవి సున్నం కిందికి పోయేవి. వాటి కోసం ఆమె విచారించగా నేను చూడలేదు. ఎనభైల మొదట్లో ఒక సాయంత్రం మాత్రం, పక్కవాటాలో ఉండే వదిన ఉతికి ఆరేసిన దుప్పటి అంచు పట్టుకుని, పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదలకుండా నిలబడింది. దుప్పటి నిండా తీగలు, తీగల మీద చిలకలు.

"ఎన్నిసార్లు ఉతికినవ్ వదినా?"

"నా పెళ్ళినాటిదమ్మా ఇది. లెక్కెవరు పెట్టారు?"

"అయినా పోలే?"

"పోవడానికి ఇదేమన్నా ముగ్గా!"

ఆ వదినది బందరు. భర్త ఉద్యోగం బాన్సువాడలో కావడంతో వచ్చి మా పక్కన చేరింది. ఆమె తండ్రి అక్కడ గుడ్డల మీద బొమ్మలద్దే పనివాడు. సంక్రాంతి దాటాక పుట్టింటికి వెళుతున్నానని, మీరూ రండని పిలిచింది. మాటవరసకు పిలిచిందని నేను అనుకున్నాను. నా భార్య అలా అనుకోలేదు.

"నీళ్ళకు పోని బొమ్మ ఒక్కటన్న నా చేత్తోని ఎయ్యాలె," అంది ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ. "మళ్ళ గిసొంటి మోక రాదు. నువ్వు రజా పెడ్తవా, నేనొక్కదాన్నే పోవాల్నా?"

ఆఫీసులో సెలవడిగి రజా పెట్టాను. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు నాది. ప్రయాణమంటే ముందుగా గంటల వారీగా రాసుకుంటే తప్ప నాకు కాలు కదలదు. బాన్సువాడ నుంచి నిజామాబాదుకు బస్సు, అక్కడి నుంచి సికింద్రాబాదు రైలు, అక్కడి నుంచి బెజవాడ మీదుగా బందరు, అన్నీ గీతలు గీసి రాశాను. అందులో లేనిది ఒక్కటే, మా మామ. నా భార్య తండ్రి. నిజాంసాగర్ కాలువ మీద లస్కరుగా తూములు తీసి మూసే పనిలో వయసంతా గడిపిన మనిషి. సముద్రానికి పోతున్నామని తెలిసి, బయలుదేరే రోజు పొద్దున మూట చంకన పెట్టుకుని బస్టాండుకు వచ్చేశాడు.

"నీళ్ళ కాడికి పోతుండ్రు, నీళ్ళు తెలిసినోడు ఒకడు వెంట ఉండద్దా అల్లుడా?" అన్నాడు.

బందరులో దిగిన సాయంత్రమే వదిన మమ్మల్ని మంగినపూడి సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళింది. ఇసుక దిబ్బ ఎక్కి అటు చూసిన నా భార్య ఒక్క కేక పెట్టి, చెప్పులు ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ వదిలేసి పరుగెత్తింది. నేను నడుస్తూ వెళ్ళాలనే అనుకున్నాను. కాళ్ళు నా మాట వినలేదు. చేతిలో గొడుగు, కాళ్ళకు చెప్పులు, జేబులో డైరీ, అలాగే మోకాళ్ళ లోతు నీళ్ళలో తేలాను. అల వచ్చి కూర్చోబెడితే కూర్చున్నాను. లేస్తే మళ్ళీ కూర్చోబెట్టింది. నా భార్య నన్ను చూసి నవ్వలేక పక్కకు ఒరిగిపోయింది.

మామ మాత్రం ఒడ్డున నడుం మీద చేతులు పెట్టుకుని ఎడమకు చూశాడు, కుడికి చూశాడు.

"కట్ట ఏడుంది?" అన్నాడు వదినతో.

"సముద్రానికి కట్టేంటండీ బాబాయిగారూ!"

"కట్ట లేదు, తూము లేదు. గింత నీళ్ళు పెట్టుకొని ఒక్క ఎకరమన్న పారదా? ఎవడమ్మా దీనికి ఇంజినీరు?"

వదిన ఇసుకలో కూలబడి నవ్వింది. మామ వంగి దోసిలితో ఇన్ని నీళ్ళు తీసి నోట్లో పోసుకున్నాడు. ముఖమంతా ముడుచుకుని ఉమ్మేశాడు. "ఓహో. గందుకే ఇడిసిపెట్టిండ్రు," అన్నాడు తీర్పు చెప్పినట్టు.

తిరిగి వస్తుంటే ఉప్పు పర్రలో, మోకాలు దాటని నీళ్ళలో, పెద్ద పక్షుల గుంపు కనిపించింది. తెల్లగా ఉండి రెక్కల దగ్గర గులాబి రంగు. తలకిందులుగా ముక్కు నీళ్ళలో పెట్టి దేవుకుంటున్నాయి. రాజహంసలంటారని వదిన చెప్పింది.

"ఆ కాళ్ళు చూడుండ్రి, జొన్నదంట్ల లెక్క!" అంది నా భార్య. జట్కా బండి ఆపించి, మెడ ఎటు వంగుతుందో, కాలు ఎక్కడ మడుస్తుందో, వేలితో గాలిలో గీసుకుంటూ చాలాసేపు చూసింది. వేయవలసిన బొమ్మ దొరికిందని మాకు చెప్పకుండానే అర్థమైంది.

వదిన తండ్రి పొడుగాటి మనిషి. చేతివేళ్ళు గోళ్ళ దాకా నల్లగా ఉండేవి. "మా దగ్గర పనంతా అచ్చులతోనే తల్లీ. పుల్ల పట్టి గీసేవాళ్ళు తక్కువ. గీస్తానంటే ఎందుకు వద్దంటాను, గీయి," అని కరక్కాయ నీళ్ళలో, పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ ముక్క ఒకటి ఇచ్చాడు. నలుపు కుండ ముందు పెట్టాడు. బెల్లం నీళ్ళలో తుప్పు పట్టిన ఇనుము నానబెడితే ఆ నలుపు వస్తుందని చెప్పి, మేము బాన్సువాడ నుంచి మోసుకొచ్చిన బెల్లం ముద్దల్లో ఒకటి విరిచి కొత్త కుండలో వేశాడు. దాని మీద పాత మేకులు, గుర్రపు నాడాలు వేశాడు.

మామ ఒక్క ఉదుటున లేచాడు. "అయ్యో అయ్యో, గది మా గానుగ కాడ తీసిన కొత్త బెల్లమయ్యా! తినేటందుకు తెచ్చినం!"

"రెండో ముద్ద దాచాను లెండి," అన్నాడు పెద్దాయన తొణకకుండా. "మేకులు తిన్నాక మిగిలితే మనం తిందాం."

నా భార్య రెండు రోజులు ఆ గుడ్డ మీద నుంచి తల ఎత్తలేదు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టిన కలంతో రెండు రాజహంసలను నల్లటి గీతలతో గీసింది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు పూసింది. ఇక గుడ్డను పారే మంచినీటిలో బాగా జాడించాలి, ఆరబెట్టాలి, తర్వాత రాగి కాగులో వేర్లతో, ఆకులతో ఉడికిస్తే ఎరుపు తేలుతుంది. జాడించే కాలువ ఊరికి అవతలి వైపు ఉంది. మర్నాడు పొద్దున తనే తీసుకెళతానన్నాడు పెద్దాయన. మర్నాడు సాయంత్రం మా రైలు. అంతా నేను రాసుకున్న ప్రకారమే నడుస్తోంది.

ఆ మధ్యాహ్నం పెద్దాయన నిద్రపోయాడు. మామకు నిద్ర రాలేదు. ఇంటి వెనక ముళ్ళకంప దాటితే ఒక పాయ ఉంది. దాన్ని చూసి వచ్చాడు.

"బిడ్డా, ఇంటెన్కనే గింత మంచిగ పారుతుంది. రేపటి దాంక ఎందుకు? ఇయ్యాలనే జాడిస్తే రేపు తీరువాటంగ ఉడకపెట్టుకోవచ్చు."

"పెద్దాయనను అడుగుదం నాయినా."

"నీళ్ళ సంగతి ఇంకొకల్లను అడుగుమంటవా నన్ను?"

నా భార్యకూ ఆగాలని లేదు. బొమ్మ నీళ్ళకు నిలుస్తుందో లేదో ఆ క్షణమే చూడాలని ఉంది. ముగ్గురం బయలుదేరాం. పాయలో నీళ్ళు సముద్రం వైపు చకచకా పోతున్నాయి. మామ పంచె ఎగగట్టి దిగి, గుడ్డను నీటి వాలుకు వదిలి రెండు కొసలు పట్టుకున్నాడు. చూస్తుండగానే పారుదల మెల్లబడింది. కాసేపటికి నీళ్ళు నిలిచిపోయాయి.

మామకు కోపం వచ్చింది. "పైన ఎవడో తూము మూసిండు! పొద్దు గూకకముందే ఏం తొందర వచ్చింది వానికి?" అని గుడ్డను నీటి అంచున గడ్డి మీద పెట్టి, ఆ తూము మూసినవాడు కనిపిస్తే నాలుగు మాటలు అందామని గట్టు ఎక్కాడు. మేమూ ఎక్కి అటే చూశాం. తిరిగి చూసేసరికి గడ్డి మీదికి నీళ్ళు వచ్చాయి. గుడ్డ లేదు.

నా భార్య గట్టు దిగి గడ్డిలో వెతకబోయింది. మామ మాత్రం క్షణం ఆలోచించలేదు.

"కిందికి ఉరుకుండ్రి! వంతెన కాడ పట్టుకుందం!"

సముద్రం వైపు తాటి దుంగల వంతెన ఒకటి ఉంది. గుడ్డ కంటే ముందు అక్కడికి చేరాలని ప్రాణాలు ఉగ్గబట్టుకుని పరుగెత్తాం. వంతెన మీద బోర్లా పడుకుని చేతులు నీళ్ళలోకి చాచి ఎదురుచూశాం. గుడ్డ రాలేదు. ఒక కొబ్బరి డొక్క వచ్చింది. అది మా వెనక నుంచి, వంతెన కింది నుంచి, ఊరి వైపు పోయింది. దాని వెంట ఒక పాత చెప్పు కూడా అటే పోయింది.

"మామా, గా డొక్క ఎటు పోతుంది?" అన్నాను.

మామ వంతెన మీద అటు దొర్లి దాన్ని చూశాడు. "పైకి," అన్నాడు చాలా చిన్న గొంతుతో. "కాలువ పైకి ఎట్ల పారుతది అల్లుడా?"

ముళ్ళకంప దగ్గర నుంచి వదిన చేతులు ఊపుతూ పరుగెత్తుకొస్తోంది. "పోటండీ! సముద్రం పోటెక్కింది! ఇటు కాదు, అటు పోయి ఉంటుంది, అటు!" అని అరుస్తూనే నవ్వుతోంది. నవ్వకూడదని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటోంది, ఆగడం లేదు. ఆ నవ్వు ముందు మామకు అంటుకుంది, తర్వాత నాకు. నలుగురం వచ్చిన దారినే తిరిగి పరుగు. నా భార్య ఒక్కతే నవ్వడం లేదు. అందరికంటే ముందు పోతోంది.

పాయ వెడల్పయ్యే చోట, చేపల వల కోసం పాతిన కర్రలకు గుడ్డ చుట్టుకుని ఉంది. దాని చుట్టూ, అంత దగ్గరగా మేము ఎన్నడూ చూడని ఆ రాజహంసల గుంపు.

"ఆగు, బురద లోతుంటది!" అని మామ అంటూనే ఉన్నాడు. ఆమె చీర దోపుకుని దిగింది. తొడల దాకా బురద. ఒక్కో అడుగు పీకి వేస్తూ కర్రల దాకా పోయి గుడ్డ మీద చెయ్యి వేసింది. అంతే, పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. నీళ్ళ మీద పరుగెత్తి, రెక్కలు విప్పి, ఆమె తల మీదుగా. నేల మీద ఉన్నప్పుడు తెల్లగా కనిపించినవి, లేచేసరికి పైనంతా ఎరుపు, నలుపు. ఆమె గుడ్డను గుండెలకు పట్టుకుని నోరు తెరిచి పైకి చూస్తూ నిలబడింది. తర్వాత మా వైపు తిరిగి, "రెక్కల కింద నలుపున్నది! నేను ఎయ్యలే! నలుపు ఎయ్యలే నేను!" అని అరిచి, పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ బురదలో కూర్చుండిపోయింది. ఆమెను పైకి లాగడానికి నేనూ మామా దిగి, మేమూ కూర్చున్నాం.

పెద్దాయన నిద్ర లేచి చూసేసరికి మేం ముగ్గురం గుమ్మం ముందు వరసగా నిలబడి ఉన్నాం, మెడ దాకా మట్టితో. గుడ్డను విప్పి వెలుగుకు పట్టాడు. మా నవ్వులు ఆగిపోయాయి.

"నలుపు ఎక్కడికీ పోదు," అన్నాడు. "పటిక ఎంత మిగిలిందో, ఎంత ఉప్పు తాగిందో, కాగులో వేస్తే గానీ చెప్పలేను. ఈ ఉప్పు పోవాలంటే రేపు పొద్దస్తమానం మంచినీళ్ళలో జాడించి ఆరబెట్టాలి. ఎల్లుండి గానీ ఉడకదు."

అంటే మా రైలు పోయినట్టే. నా భార్య నా వైపు చూసింది. నేను డైరీ తీశాను. సముద్రంలో ఒకసారి, పాయలో ఒకసారి తడిసి పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. గీతలు గీసుకున్న ప్రయాణం ఎక్కడుందో కూడా కనిపించలేదు. తపాలా ఆఫీసుకు పోయి, రజా పెంచమని టెలిగ్రాం ఇచ్చి వచ్చాను. దారి పొడవునా నాలో నేనే నవ్వుకున్నాను.

మర్నాడు మంచినీటి కాలువ దగ్గర మామ గుడ్డ ఒక కొసను తన మొలతాడుకు ముడివేసుకున్నాడు. దిగేముందు గడ్డిపరక విసిరి చూశాడు. అటు పోతున్న ప్రతి మనిషినీ ఆపి అడిగాడు. "ఏమయ్యా, ఇది ఇటే పారుతదా? మధ్యాహ్నం గూడ ఇటేనా?"

ఆ మరునాడు కాగులో ఎరుపు మరిగింది. పెద్దాయన కర్రతో గుడ్డను ఎత్తి పడేస్తూ, తిప్పుతూ ఉంటే నా భార్య ఆవిరిలోకి వంగి చూస్తూనే ఉంది. బయటికి తీసినప్పుడు ఒక పక్షి రెక్క నిండుగా ఎర్రబడింది, రెండో దానిది సగమే. బురద ఎక్కువగా అంటిన చోట రంగు పట్టలేదు. పెద్దాయన కళ్ళు చిట్లించి, "మళ్ళీ పటిక వేసి సరిచేయమంటావా తల్లీ?" అన్నాడు.

"వద్దు," అంది ఆమె. "గిది నిలుస్తదా నిలువదా, గది చెప్పుండ్రి."

"నన్నెందుకడుగుతావ్? దాన్నే అడుగు."

ఆరిన గుడ్డను ఆమె పెరట్లో బోరింగు కిందికి తీసుకుపోయింది. బట్టల సబ్బు అడిగి తెచ్చుకుంది. బండ మీద పరిచి, సబ్బు రాసి, రెండు చేతులతో రుద్దడం మొదలుపెట్టింది. ముగ్గు చెరిపేటప్పుడు ఆ చేతుల్లో అంత బలం నేనెప్పుడూ చూడలేదు.

"పో! పో చూద్దం! ఎట్ల పోతవో పో!"

నురగ తెల్లగా పొంగింది. కాస్త ఎర్రనీళ్ళు వస్తే వదిన గుండె మీద చెయ్యి వేసుకుంది. రెండో దఫాకు నీళ్ళు తేటగా వచ్చాయి. నేను బోరింగు కొడుతున్నాను, ఆమె రుద్దుతోంది, మామ పక్కన గొంతుకూర్చుని "ఇంకింత కొట్టు అల్లుడా, ఇంకింత!" అంటున్నాడు. నురగ కిందికి జారినప్పుడల్లా ఆ రెండు పక్షులు ఒంటికాలి మీద అలాగే నిలబడి కనిపిస్తుంటే, ఆమె మళ్ళీ సబ్బు అందుకుంటోంది.