టోఫూ కేకకు లేచిన వంశం

లూ షౌచెంగ్‌ది గొంతంటే గొంతు! చైనాలో షాన్‌డాంగ్ రాష్ట్రంలోని వాళ్ల ఊళ్లో పొద్దున్నే "టోఫూ...!" అని కేకేస్తే పక్క వీధిలో కుక్కలు ఉలిక్కిపడి లేచేవి. సోయా పాలతో చేసే జున్నులాంటి ఆ టోఫూ అమ్మడం బతుకుతెరువే గానీ, అతని కల వేరు. శరదృతువు పూజనాడు లూ వంశ మందిరంలో, పెద్దల పేర్లు చెక్కిన ఫలకాల పక్కన నిలబడి "మోకరిల్లండి", "లేవండి" అని పలకాలి. అందుకోసం ఇరవై రెండేళ్లు బాతుల ముందు సాధన చేశాడు పాపం! యాభై ఒకటో ఏట ఆ పని దక్కింది.

అంతకుముందు ఆ పని చేసిన ఛిషాన్‌కి ఒళ్లు మండిపోయింది. పూజనాడు మందిరం గుమ్మంలోనే అడ్డుపడ్డాడు.

"తాతముత్తాతల ముందు కూడా టోఫూ అని అరిచేవు, జాగ్రత్త! ఒక్క తప్పు దొర్లిందా, ఈ పని మళ్లీ నాదే."

"మోకరిల్లండి!" పూజ మొదలవగానే షౌచెంగ్ గొంతెత్తాడు.

డెబ్బైమంది ఒక్కసారిగా వంగారు. లేవమనేదాకా ఎవరూ తల తిప్పకూడదు. వాకిలివైపు చూస్తూ నిలబడేది షౌచెంగ్ ఒక్కడే. అందుకే అతనికొక్కడికే కనిపించింది. ఎదురుగా వంటసాలలో ఒకామె చొక్కా చేతికి మంట అంటుకుంది!

అంతే! చేతులు కడుక్కునే నీళ్ల గంగాళం ఎత్తుకుని ఒకటే పరుగు. పోతూ పోతూ 'లేవండి' అన్నాడా మహానుభావుడు? అనలేదు! నీళ్లు కుమ్మరించి, మంట ఆరాక చూస్తే ఆమె ఛిషాన్ భార్య. చెయ్యి కాస్త కమిలింది, ప్రాణం దక్కింది.

"ఒరేయ్, ఎక్కడ చచ్చావురా! మోకాళ్లు పోతున్నాయి!" లోపల్నుంచి వంశపెద్ద వెన్‌హాన్ తాత అరిచాడు.

రొప్పుతూ వచ్చిన షౌచెంగ్ నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"టోఫూ...!"

డెబ్బైమందీ లేచారు.

"చూశారా తాతా!" ఛిషాన్ ఎగిరిపడ్డాడు. "పూజ మధ్యలో పారిపోయాడు, పైగా టోఫూ అట! తీసెయ్యండి వీణ్ణి!"

ఇంతలో తడిసి ముద్దయిన మనిషి గుమ్మంలోకి వచ్చింది.

"నోర్ముయ్యవయ్యా! ఆయన రాకపోతే నీ పెళ్లాం బూడిదయ్యేది."

తాత షౌచెంగ్ వైపు తిరిగాడు.

"ఎందుకు పరుగెత్తావురా? మెప్పు కోసమా? ధర్మమనా?"

"ధర్మం గుర్తొచ్చేసరికి గంగాళం ఖాళీ అయిపోయింది తాతా."

తాత పకపకా నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "అట్లా తలుచుకోకుండానే ధర్మం రావాలని కదరా మనం ఏటేటా మోకరిల్లేది! పద, మొదట్నుంచి పలుకు."

షౌచెంగ్ గొంతు సవరించుకున్నాడు. "మోకరి..."

మాట పూర్తికాకముందే ఛిషాన్ మోకాళ్లు నేలకు తాకాయి.