ఖాదరన్నకు ఆనని చుక్క

నిన్న మధ్యాహ్నం పెనుకొండ దగ్గర హైవే పక్కన నిలబడితే చెప్పుల్లోంచి తారు వేడి అరికాళ్లకు తగిలింది. దూరంగా వస్తున్న లారీ నీళ్లలో ఉన్నట్టు వణుకుతూ కనిపించింది. ఖాదరన్న గుర్తొచ్చాడు. కళ్లు చెమర్చాయి, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

తొంభైల చివర్లో హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లే బస్సులో కండక్టరుగా చేరాను. ఆడమనిషి టికెట్లు కొడుతుంటే వింత చూడ్డానికే కొందరు ఎక్కేవాళ్లు. ఎవరైనా నోరు జారితే డ్రైవరు ఖాదరన్న బస్సు పక్కకు తీసి, ఇంజను ఆపేసి, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. మిగతా సంగతి ఆలస్యమైపోతున్న ప్రయాణికులే చూసుకునేవాళ్లు.

చుక్కలు ఎందుకు మిణుకుమంటాయని ఒక సాయంత్రం ఊరికే అడిగాను. “నాకు తెలీదు సరోజమ్మా. కనుక్కొని చెప్తా,” అన్నాడు. తెలియనిదాన్ని తెలియదనడానికి ఆయన ఎప్పుడూ నీళ్లు నమలలేదు. మర్నాడు పెనుకొండలో రోజూ ఎక్కే సైన్సు మాస్టారిని అడిగాడు. మధ్యాహ్నం ట్రిప్పులో ఎదురుగా వస్తున్న లారీని నాకు చూపించాడు.

“ఆ లారీ నిజంగా వణకతాందా?”

“లేదన్నా. మధ్యలో వేడిగాలి ఉండాది, అట్ల కనపడతాంది.”

“చుక్కలూ అంతేనంట. వాటి వెలుతురు మన గాలిలోంచి దిగేటప్పుడు అటూ ఇటూ వంగుతాదంట. చుక్క శానా దూరం, సూది మొనంత ఉంటాది కాబట్టి వణుకు తెలుస్తాది. గ్రహం దగ్గర, రవ్వంత పెద్దగా ఉంటాది. అందుకే నిలకడగా కనపడతాదంట.”

వారం తిరక్కుండానే ఒకనాటి మసక వేళ, ధర్మవరం బస్టాండులో ఇద్దరం టీ తాగుతున్నాం. పడమట దగ్గర దగ్గరగా వెలుగుతున్న రెండు చుక్కలు చూసి గొప్పగా చెప్పాను. “అన్నా, ఎడమ పక్కది మిణుకుతాంది. దాని పక్కది అస్సలు కదలకుండా ఉండాది. అదే గ్రహం.”

ఆయన చాలాసేపు చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

“ఆడ రెండుండాయా?” అన్నాడు.

నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నేరుగా కంట్రోలరు గదికి నడిచాడు. నేను వెనకే పరుగెత్తి, “రిటైరు కావడానికి రెండేళ్లేగా అన్నా, ఎవరికి తెలుస్తాది?” అని గొణిగాను. స్టీరింగు పోతే ఆ మనిషికి ఏం మిగులుతుందోనని నా భయం.

“బండి నిండా జనం ఉండారు గదమ్మా,” అని నాతో అని, కంట్రోలరు వైపు తిరిగాడు. “సార్, నాకు చూపు సరిగ్గా ఆనడంల్యా. ఈ ట్రిప్పు ఇంకొకరికి ఇయ్యండి.”

ఆ బస్సును ఇంకో డ్రైవరు తోలాడు. ఖాదరన్న ముందు సీట్లో ప్రయాణికుడిలా కూర్చుని, హిందూపురం దాకా లేని బ్రేకును కుడికాలితో నొక్కుతూనే ఉన్నాడు. తర్వాత ఆయన్ను డిపోలో టైర్ల గదిలో పనికి వేశారు. మళ్లీ బస్సు నడపలేదు.

పోయిన ఏడాది నాకు చెవి మందగించింది. వెనక సీట్లోంచి “ఆపండి” అంటే వినబడేది కాదు. ఉద్యోగం ఏమవుతుందోనని జనం పెదవులు చూసి నెట్టుకొచ్చాను. చివరికి డిపోకు వెళ్లి నిజం చెప్పాను, అదీ ఆయన్ను తలుచుకునే. చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఖాదరన్నకు ఆరు నిమిషాలు కూడా పట్టలేదు.